‘వై’ కొట్టే ముందు మూడో అంకె చూడండి

తెలుగు సబ్‌టైటిల్స్ రావాల్సిన చోట వరసగా డబ్బాలు. టీవీ కింద పెట్టుకున్న పాత కంప్యూటర్‌లో లైనక్స్ వేసుకున్నవాళ్లలో చాలామందికి ఎదురయ్యే తలనొప్పి ఇది. మందు చిన్నదే, తెలుగు ఫాంట్లు ఎక్కించుకుంటే చాలు. డెబియన్ లైనక్స్‌లో అయితే ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాంట్స్-తెలు’ అని కొడతాం. లోహిత్ ఫాంటుతో పాటు పోతన, వేమన ఫాంట్లున్న ప్యాకేజీ కూడా దాని వెంటే వస్తుంది. అయితే ఎంటర్ కొట్టగానే పని మొదలైపోదు. ముందుగా ఒక జాబితా, దాని కింద ఒక వాక్యం, ఆ వాక్యంలో 4 అంకెలు కనిపిస్తాయి. కొత్త వెర్షన్‌కు మారేవి 0, కొత్తగా వచ్చేవి 3, తీసేసేవి 0, ప్రస్తుతానికి ముట్టుకోనివి 27 అన్నమాట. ఆ తర్వాత ప్రశ్న: కానివ్వమంటారా? వై లేదా ఎన్.

ఆ నాలుగింటిలో ప్రాణం మూడోదానిలో ఉంది. అది 0 అయితే కొత్తవి వస్తున్నాయి, ఉన్నవి ఎక్కడివక్కడే ఉంటాయి. 1 అయితే పోయేది ఏదో పేరు చదవాలి. 40 అయితే కీబోర్డు మీంచి చేయి తీసేయాలి.

ఈ సంగతి ఇప్పుడు చెప్పుకోవడానికి కారణముంది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం నుంచే ఒప్పుకుంటుంది. 2013 నాటి 4వ తరం ఐ3 డెస్క్‌టాప్ ఆ పరీక్ష గట్టెక్కదు. కానీ మామూలు హెచ్‌డీ సినిమా ఆడించడానికి దానికేం రోగం లేదు. అందుకే అలాంటి సిస్టమ్ చదువుకునే బల్ల మీంచి దిగి హాల్లో టీవీ పక్కకు చేరుతుంది, అందులో లైనక్సూ చేరుతుంది. హైదరాబాద్ శివారు అబ్దుల్లాపూర్‌మెట్ సంగతే తీసుకోండి: ఆ మండలంలోనే 1,666 ఎకరాల రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. సినిమాలు తీసే ఆ ఊరి పక్క కాలనీల్లో సినిమాలు చూసే యంత్రం చెడితే మాత్రం చిక్కే. మెట్రో ఎల్‌బీ నగర్‌లోనే ఆగిపోతుంది. సీపీయూను బండి మీద ముందు పెట్టుకుని పెద్ద అంబర్‌పేట, హయత్‌నగర్, ఎల్‌బీ నగర్ మీదుగా దిల్‌సుఖ్‌నగర్ దాకా పోవాల్సిందే.

అక్కడ ఏ రిపేరు షాపు ముందు కాసేపు నిలబడ్డా వినిపించే మాటలు ఇవి.

“అన్నా, నిన్నటిదాంక మంచిగనే ఉండె. ఇయ్యాల ఆన్ అయితలేదు.”

“ఏం ఎక్కించినవ్ తమ్మీ?”

“ఏం ఎక్కియ్యలే అన్నా. ఊకెనే బందయింది.”

“ఫార్మాట్ కొడితే అయిపోతది. డేటా గ్యారంటీ లేదు మరి.”

ఊరికే బంద్ కావడం అరుదు. హార్డ్ డిస్క్ పోవడం, ర్యామ్ వదులు కావడం ఉంటాయి, కాదనను. కానీ నిన్న బాగుండి ఇవాళ నల్ల తెర వచ్చిందంటే, మధ్యలో ఎవరో ‘వై’ కొట్టి ఉంటారని అనుమానించడం న్యాయమే.

ఈ తప్పుకు ప్రపంచంలో అందరికీ తెలిసిన ఉదాహరణ 2021 నవంబర్ నాటిది. లైనస్ టెక్ టిప్స్ అనే యూట్యూబ్ ఛానల్ నడిపే లైనస్ సెబాస్టియన్, పాప్ ఓఎస్ అనే లైనక్స్‌లో ఆటల కోసం స్టీమ్ ఎక్కించబోయాడు. అందులోని యాప్ స్టోర్‌లో నొక్కితే కుదరదంది. టెర్మినల్‌లో కమాండ్ కొట్టాడు. ఫలానావి తీసేయబోతున్నాం, ఇది ప్రమాదం కావచ్చు, నిజంగా కావాలంటే ‘అవును, నేను చెప్పినట్టు చెయ్’ అని ఇంగ్లిషులో పూర్తిగా టైప్ చేయమని తెర మీద వచ్చింది. టైప్ చేశాడు. డెస్క్‌టాప్ మొత్తం ఊడిపోయి నల్ల తెర మిగిలింది. కంప్యూటర్లే జీవనోపాధి అయిన మనిషి, కెమెరా ముందు! ఆ ప్యాకేజీల అమరికలో అప్పుడు లోపం ఉన్న మాట నిజమే, అది ఆయన తప్పు కాదు. కానీ పోయేవాటి పేర్లు తెర మీద ఉన్నాయి. ఆ గొడవ తర్వాత అదే నెలలో, ప్యాకేజీలను ఎక్కించి తీసే ఆప్ట్‌ను మార్చారు; సిస్టమ్‌కు ప్రాణాధారమైన ప్యాకేజీలను అంత తేలిగ్గా తీసేయనివ్వదు. 2025లో వచ్చిన ఆప్ట్ 3.0లో తీసేసేవాటిని ఎర్ర రంగులో, వచ్చేవాటిని ఆకుపచ్చలో చూపిస్తున్నారు. ఎరుపు కనిపిస్తే ఆగాలని తెలియడానికి చదువుతో పని లేదు.

భయమున్నవాళ్లకు ఇంకో సదుపాయం ఉంది. అదే కమాండ్‌లో హైఫన్ పెట్టి ఎస్ అక్షరం చేరిస్తే ఉత్తుత్తి ఇన్‌స్టాల్ నడుస్తుంది. ఏవి వస్తాయో ఏవి పోతాయో చెబుతుంది, ఒక్క ఫైలునూ ముట్టుకోదు. ఖర్చు సున్నా, సమయం కొన్ని సెకన్లు.

ఒక లైబ్రరీ, నాలుగు నంబర్లు

కొత్తది ఎక్కిస్తే పాతది ఎందుకు పోవాలి? సినిమాల సిస్టమ్‌లో దీనికి జవాబు దాదాపు ఎప్పుడూ ఒకే చోట దొరుకుతుంది: వీడియోను విప్పి చూపించే ఎఫ్ఎఫ్ఎంపెగ్. అందులో ముఖ్యమైన లైబ్రరీ పేరు లిబ్ఏవీకోడెక్. వీఎల్‌సీ, కోడి, ఎంపీవీ లాంటి ప్లేయర్లు, థంబ్‌నెయిల్ బొమ్మలు తయారుచేసే చిన్న ప్రోగ్రాములు, అన్నీ దీని మీదే నడుస్తాయి. డెబియన్ 11లో ఆ లైబ్రరీ నంబరు 58. డెబియన్ 12లో 59. ఉబుంటు 24.04లో 60. డెబియన్ 13లో 61. పేరు ఒకటే అయినా 59 కోసం కట్టిన ప్రోగ్రాము 60తో పనిచేయదు.

ఇప్పుడు మీ దగ్గర డెబియన్ 12 ఉందనుకుందాం. ఎవరో వీడియోలో చూపించారని ఉబుంటు 24.04 కోసం తయారైన ప్లేయర్ డెబ్ ఫైలు దించి డబుల్ క్లిక్ చేశారు. అది 60 కావాలంటుంది. మీ దగ్గర ఉన్నది 59. ఇక్కడ బుద్ధిగా ఆగిపోతే నష్టం లేదు. ఆగం. ఆ 60 ఎక్కడ దొరుకుతుందో వెతికి, బయటి రిపాజిటరీ, అంటే ప్యాకేజీలు దొరికే బయటి చిరునామా ఒకటి, సిస్టమ్ వెతికే జాబితాలో చేర్చేస్తాం. మర్నాడు అప్‌డేట్ కొట్టినప్పుడు సిస్టమ్ రెండు మూలాల మధ్య నలిగి, దేనితో దేనికి పొసగదో లెక్క వేసుకుని, పొసగని పాతవాటిని తీసేస్తానంటుంది. మూడో అంకె పెరగడం ఇలా మొదలవుతుంది.

బయటి రిపాజిటరీతో ఇంకో ముప్పుంది, అది వెంటనే కనబడదు. పాటలు, సినిమాల కోడెక్‌లకు పేటెంట్ల బెడద ఉన్న రోజుల్లో డెబియన్ వాడేవాళ్లు డెబియన్-మల్టీమీడియా డాట్ ఆర్గ్ అనే అనధికారిక చిరునామాను జాబితాలో పెట్టుకునేవారు. దాన్ని నడిపే ఆయన ఆ రిపాజిటరీ పేరు మార్చి వేరే చిరునామాకు వెళ్లిపోయారు. పాత డొమైన్ గడువు తీరింది, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు కొనేసుకున్నారు. 2013 జూన్‌లో డెబియన్ వాళ్లే బహిరంగంగా ప్రకటించాల్సి వచ్చింది: ఆ లైను మీ జాబితాలో ఉంటే వెంటనే తీసేయండి, అది ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో తెలియదు అని. ఎప్పుడో చేర్చి మరిచిపోయిన ఒక్క లైను, అపరిచితుడికి మన ఇంటి సిస్టమ్ దాకా దారి చూపించగలదు.

డెబియన్ 13లో అధికారికంగా ఉన్న ప్యాకేజీలు 69,830కి పైమాటే. సినిమా చూడటానికి, పాట వినడానికి, ఫోన్‌లోంచి టీవీకి పంపడానికి కావాల్సినవి వీటిలోనే ఉంటాయి. వెర్షన్ కాస్త పాతది కావచ్చు. కానీయండి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాములో ఎవరో దొంగదారి పెట్టారని బయటపడింది. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీస్తే దొరికింది. చెడ్డవి 5.6.0, 5.6.1 వెర్షన్లు. అవి కొత్తవి కావడం వల్లే డెబియన్ స్టేబుల్ దాకా రాలేదు. టీవీ పక్కనుండే యంత్రానికి పాతదనం లోపం కాదని నేననేది అందుకే.

చూడటం తప్ప వేరే పని లేదంటారా, అసలు ఈ బాధే లేని దారి ఒకటుంది. 2016లో మొదలైన లిబ్రెఎలెక్ అనే వ్యవస్థలో ఆప్ట్ లేనే లేదు. సిస్టమ్ అంతా రాయడానికి వీల్లేని ఒక ఫైలు, దానికి తోడు కెర్నెల్ ఒక ఫైలు, వీటి మీద కోడి నడుస్తుంది. మనం చేర్చేది యాడ్-ఆన్‌లే, అవి చెడితే యాడ్-ఆన్ పోతుంది తప్ప యంత్రం పోదు. అక్కడా ఒక మెలిక: 2021 ఫిబ్రవరిలో కోడి 19 వచ్చినప్పుడు పైథాన్ 2 నుంచి 3కు మారడంతో, తిరిగి రాయని పాత యాడ్-ఆన్‌లన్నీ మూలపడ్డాయి. పెద్ద వెర్షన్ మారేటప్పుడు నెలో రెండు నెలలో ఆగితే ఏ సినిమా పారిపోదు.

64 అక్షరాల వేలిముద్ర

విండోస్‌లో ఆ నాలుగు అంకెల వాక్యం రాదు. నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్ అంతే. అందుకే అక్కడ ఎక్కడి నుంచి దించామన్నదే మొదటి కాపలా. మన దేశంలో ఆ కాపలా ఒకసారి సర్కారు చేతుల మీదుగానే తొలగిపోయింది. 2022 ఫిబ్రవరి నుంచి వీఎల్‌సీ అధికారిక సైటు ఇక్కడ తెరుచుకోలేదు. కారణం చెప్పకుండా బ్లాక్ చేశారని సంస్థ గోల పెట్టి, లీగల్ నోటీసు పంపాక నవంబర్‌లో తెరిచారు. దాదాపు 9 నెలలు. వీఎల్‌సీ వాడకందారుల్లో పదో వంతు భారతీయులేనని దాన్ని తయారుచేసే వీడియోలాన్ సంస్థ మాట. అసలు దుకాణం మూస్తే జనం ఏం చేస్తారు? వెతుకులాటలో మొదట వచ్చిన సైటులో పచ్చగా మెరిసే డౌన్‌లోడ్ బటన్ నొక్కుతారు. ఆ తొమ్మిది నెలల్లో దించుకున్న ఇన్‌స్టాలర్ ఇంకా మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉంటే తీసేసి, వీడియోలాన్ సైటు నుంచి కొత్తది తెచ్చుకోండి.

దించిన ఫైలు అసలైనదో కాదో తేల్చేది దాని షా-256 విలువ. అంకెలు, అక్షరాలు కలిపి 64. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ విలువ గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. విండోస్‌లో సెర్ట్‌యుటిల్ అనే కమాండ్ ముందే ఉంటుంది, కొత్తగా ఏమీ ఎక్కించక్కర్లేదు. సైటులో ఇచ్చిన విలువ, మనకు వచ్చిన విలువ పక్కపక్కన పెట్టుకుని మొదటి 8, చివరి 8 చూస్తే పొరపాటున పాడైన డౌన్‌లోడ్ దొరికిపోతుంది. కావాలని చేసిన మోసం పట్టాలంటే 64 చూడాలి. అదీ చాలని రోజొకటుంది: 2016 ఫిబ్రవరి 20న లైనక్స్ మింట్ సైటునే కొల్లగొట్టి, మింట్ 17.3 సినమన్ లింకును దొంగ ఫైలు వైపు తిప్పేశారు. సైటే వాళ్ల చేతిలో ఉంటే అక్కడ రాసిన విలువనూ మార్చగలరు. డిజిటల్ సంతకం సరిచూడమని చెప్పేది అందుకే. ఇంట్లో సినిమాల కోసం అంత దూరం ఎవరు పోతారంటారా, కనీసం ఆపరేటింగ్ సిస్టమ్ ఫైలుకైనా పోవాలి. ఐదారేళ్లకోసారి చేసే పని.

ఆండ్రాయిడ్ టీవీ బాక్సుల సంగతి ఇంకా అన్యాయం, ఎందుకంటే అక్కడ మనం ఏమీ ఎక్కించకముందే ఎక్కి ఉండొచ్చు. వో1డి అనే మాల్‌వేర్ 197 దేశాల్లో దాదాపు 13 లక్షల బాక్సుల్లో చేరిందని 2024 సెప్టెంబర్‌లో డాక్టర్ వెబ్ సంస్థ ప్రకటించింది. బ్యాడ్‌బాక్స్ 2.0 అనే ముఠా మీద 2025 జులైలో గూగుల్ వేసిన దావాలో కోటికి పైగా పరికరాల లెక్క ఉంది. పేరు లేని చవక బాక్సు కొన్నవాళ్లు ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో అబౌట్ కింద పరికరం సర్టిఫై అయిందో లేదో ఒకసారి చూసుకోవాలి. సర్టిఫికెట్ లేని బాక్సులో బ్యాంకు యాప్ ఉన్న ఫోన్ జీమెయిలుతో లాగిన్ కావడం తెలివి కాదు. ఇక పైరసీ సినిమాల సైటు ఐబొమ్మ పేరుతో తిరిగే ఏపీకే ఫైళ్లు. 2025 నవంబర్‌లో ఆ సైటు నిర్వాహకుణ్ని పట్టుకున్నప్పుడు 50 లక్షల మంది చూసేవాళ్ల వివరాలు అతని దగ్గర ఉన్నాయని హైదరాబాద్ పోలీసులు చెప్పారు. ఉచిత సినిమాకు టికెట్ ఏ రూపంలో తెగుతుందో ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

కరెంటు, ఖాళీ జాగా

ఏప్రిల్, మే సాయంత్రాలు గాలిదుమారం లేచిందంటే కరెంటు పోతుంది. సినిమా మధ్యలో పోతే విసుగే కానీ నష్టం లేదు. ఇన్‌స్టాల్ మధ్యలో పోతే ప్యాకేజీలు సగం విప్పి, సగం అమర్చి ఉండిపోతాయి. ఎంతసేపు జాగ్రత్తగా ఉండాలో లెక్క కట్టవచ్చు. 400 ఎంబీ అప్‌డేట్, 40 ఎంబీపీఎస్ ఫైబర్. 400ను 8తో గుణిస్తే 3,200 మెగాబిట్లు, 40తో భాగిస్తే 80 సెకన్లు. ఈ దించుకునే సమయంలో పోయినా మళ్లీ దించుకోవచ్చు. ప్రమాదం ఆ తర్వాత విప్పి అమర్చే రెండు మూడు నిమిషాలదే. టేబుల్ కింద పెట్టే 600 వీఏ యూపీఎస్ బ్యాటరీ బాగుంటే అంతసేపు సునాయాసంగా లాగుతుంది. ఇంటికంతా ఇన్వర్టర్ ఉందిగా అనుకునేవాళ్లు దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడాలి. మామూలు మోడ్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారే రెప్పపాటు కాలం కూడా కొన్ని డెస్క్‌టాప్‌లు తట్టుకోలేవు.

ఖాళీ జాగా గొడవ సినిమాల సిస్టమ్‌కే ప్రత్యేకం. 120 జీబీ అని డబ్బా మీద రాసిన ఎస్ఎస్‌డీ విండోస్‌లో 111 అని కనిపిస్తుంది. కంపెనీ వెయ్యితో లెక్కపెడుతుంది, విండోస్ 1,024తో. అందులో సిస్టమ్‌కు ఓ 20 పోతే 91. ఒక్కో సినిమా 4 జీబీ చొప్పున 22 సినిమాలు వేస్తే 88. మిగిలింది 3. అలాంటి స్థితిలో పెద్ద అప్‌డేట్ కొడితే డిస్కు నిండిపోయి మధ్యలో ఆగుతుంది, కరెంటు పోయినప్పటి కథే మళ్లీ. సిస్టమ్ ఒక డిస్కులో, సినిమాలు వేరే డిస్కులో పెట్టుకుంటే ఈ లెక్కే అక్కర్లేదు. నా పద్ధతి మోటుగా ఉంటుంది: సిస్టమ్ ఉన్న చోట 10 జీబీ ఖాళీ లేకపోతే ఏదీ ఎక్కించను.

చెడిపోయాక

సరైన కంపెనీ పంపిన సరైన అప్‌డేట్ కూడా ముంచగలదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక ఫైలు 78 నిమిషాల పాటే బయట ఉంది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో కూలబడ్డాయి. శంషాబాద్ విమానాశ్రయంలో ఆ రోజు బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. దానికి విరుగుడు ఏమిటంటే సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఒక్క ఫైలు తీసేయడం. అలాగని అప్‌డేట్లు మానేయమనడం లేదు. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు ‘జ్ఞా’ ఒక ప్రత్యేక రూపంలో మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయేవి, అది బాగుపడింది 11.2.6 అప్‌డేట్‌తోనే. బ్రౌజర్, భద్రతా అప్‌డేట్లు వచ్చినవి వచ్చినట్టు వేసుకోవాలి. తొందరపడకూడనివి పెద్ద వెర్షన్ మార్పులు.

కాబట్టి వెనక్కి వచ్చే దారి ముందే వేసుకోవాలి. విండోస్‌లో రిస్టోర్ పాయింట్. లైనక్స్‌లో టైమ్‌షిఫ్ట్. మొదటిసారి టైమ్‌షిఫ్ట్‌కు సిస్టమ్ ఫైళ్లు ఎంత ఉంటే అంత జాగా కావాలి, తర్వాతి వాటికి మారిన ఫైళ్ల మేరకే. హోమ్ ఫోల్డర్‌ను అది మామూలుగా ముట్టుకోదు, అంటే పెళ్లి వీడియోలకు వేరే కాపీ ఉండాల్సిందే. రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ వాడేవాళ్లు 32 జీబీ కార్డును యథాతథంగా ఇమేజ్ తీసి పెట్టుకోవచ్చు. సెకనుకు 20 ఎంబీ చొప్పున 1,600 సెకన్లు, అంటే దాదాపు 27 నిమిషాలు. పాటల కార్యక్రమం చూస్తుంటే అయిపోతుంది.

ఇవన్నీ లేకుండానే నల్ల తెర వచ్చిందనుకోండి. కంట్రోల్, ఆల్ట్ నొక్కిపట్టి ఎఫ్3 కొడితే చాలాసార్లు అక్షరాల తెర వస్తుంది. యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. అడిగిందంటే యంత్రం బతికే ఉంది, పోయింది డెస్క్‌టాప్ మాత్రమే. ‘సుడో డీపీకేజీ’ అని కొట్టి, రెండు హైఫన్లతో ‘కాన్ఫిగర్’, ఒక హైఫన్‌తో ‘ఏ’ చేరిస్తే సగంలో ఆగినవి పూర్తవుతాయి. అయినా లేవకపోతే వార్ ఫోల్డర్‌లో లాగ్, దానిలో ఆప్ట్, దానిలో హిస్టరీ లాగ్ అనే ఫైలు తెరవండి. ఏ తేదీన, ఏ నిమిషాన, ఏ కమాండ్‌తో, ఏవేవి వచ్చాయో, ఏవేవి పోయాయో పేర్లతో సహా అందులో ఉంటుంది. ‘రిమూవ్’ అన్న లైను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఆ పేర్లను మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే చాలాసార్లు డెస్క్‌టాప్ తిరిగి వస్తుంది. మీ వల్ల కాకపోతే ఆ ఫొటోతోనే దిల్‌సుఖ్‌నగర్ వెళ్లండి. ఏం ఎక్కించినవ్ తమ్మీ అని అడిగే అన్నకు ఫార్మాట్ తప్ప వేరే దారి కూడా కనిపిస్తుంది.